రైఫిలా, కార్బైనా? ముందు తూటా సంగతి తేల్చుకోండి

మా అన్నయ్య మనవడు విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీ వార్షికోత్సవానికి, రెండో ప్రపంచ యుద్ధంలో నాగాలాండ్ కొండల్లో జపాన్ సైన్యంతో జరిగిన కోహిమా యుద్ధం మీద నాటకం వేస్తున్నారు. పోయిన నెల ఓ ఆదివారం గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో మా వరండాలో కూర్చుని ఫోన్లో బొమ్మ చూపించాడు. "తాతయ్యా, మా సిపాయిలందరికీ ఇదే చేయిద్దామనుకుంటున్నాం. పొట్టిగా ఉంది, స్టేజీ మీద తిప్పడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు. చూస్తే నంబర్ ఫైవ్. బ్రిటిష్ సైన్యం రైఫిల్‌ని పొట్టి చేసి జంగిల్ కార్బైన్ అంటారే, అది.

"ఒరే అబ్బాయ్, కోహిమా ముట్టడి మొదలైంది 1944 ఏప్రిల్లో. ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో దీని తయారీ మొదలైందే ఆ ఏడు. ఆ కొండ మీద మనవాళ్ళ చేతికి ఎట్లా వస్తుంది?" అన్నాను.

"సరే తాతయ్యా, సంవత్సరం సంగతి అట్లా ఉంచు. అసలు ఏది మంచిది? పొడుగు రైఫిలా, పొట్టి కార్బైనా?" అన్నాడు.

వాడికి ఆ పూట తోచింది చెప్పి పంపాను గానీ, చెప్పింది సరిపోలేదనిపించింది. నాటకాలు వేసేవాళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు, చెక్క నమూనాలు చేసుకునేవాళ్ళు, ఊరికే యుద్ధ చరిత్ర మీద ప్రేమతో వాదించుకునేవాళ్ళు చాలామంది ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను సైన్యంలో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో పని నేర్చుకుని, ఇరవై నాలుగేళ్ళు యూనిట్ల వెంట తిరిగాను. కోత్‌లో (ఆయుధాల గదిలో) వరసగా నిలబెట్టిన తుపాకులు విప్పడం, అరిగిన స్ప్రింగు మార్చడం, గొట్టంలో కన్నుపెట్టి చూడటం నా బతుకు. థ్రీ నాట్ త్రీ (.303 తూటా కాల్చే బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్), 2ఎ1, ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), 9 ఎంఎం కార్బైన్ నా చేతుల మీదుగా వందలు వెళ్ళాయి. ఒక యూనిట్లో 1965 యుద్ధంలో పట్టుబడిన అమెరికన్ గారండ్ రైఫిల్, ఎం1 కార్బైన్ క్వార్టర్ గార్డు (యూనిట్ కాపలా గది) దగ్గర ప్రదర్శనకు ఉండేవి. వాటికి నూనె రాసే పని రెండేళ్ళు నాదే. మిగతా దేశాల తుపాకుల గురించి చెప్పేది చదివి, పోల్చి చూసుకున్నది.

మొదటే ఒక మాట. ఇది కొనడానికి సలహా కాదు. .303, 7.62, 9 ఎంఎం మన దేశంలో నిషేధిత బోర్లు. మామూలు లైసెన్సు మీద రావు. ఇక్కడ ఎంపిక అంటే ఏ కాలంలో, ఏ నేల మీద, ఎవరి భుజానికి ఏది తగినదో తేల్చుకోవడం.

పొడుగు కొలిచే ముందు

రైఫిల్ పొడుగు, కార్బైన్ పొట్టి అని అందరికీ తెలుసు. గుర్రపు రౌతుల కోసం గొట్టం కురచ చేసిన తుపాకీ కార్బైన్ అయింది. అక్కడివరకు సరే. కానీ ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలకు వచ్చేసరికి గొట్టం పొడుగుతో తుపాకీని తూచేవాళ్ళు తప్పులో పడతారు. నేను ముందు అడిగేది ఒకటే: అది కాల్చే తూటా ఏది?

నాలుగు తూటాలు పక్కపక్కన పెట్టండి. .303 తూటా ఒక్కోటి దాదాపు 25 గ్రాములు. గొట్టం చివర దాని శక్తి మూడు వేల జౌల్స్ పైమాట. అమెరికన్ .30 కార్బైన్ తూటా అందులో సగం, పన్నెండున్నర గ్రాములు. శక్తి పదమూడు వందల జౌల్స్. రష్యన్ తుపాకులు ఏకే, ఎస్‌కేఎస్ కాల్చే 7.62×39 తూటా పదహారు గ్రాముల చిల్లర, శక్తి రెండు వేలు. మన 9 ఎంఎం కార్బైన్‌లో వేసేది పిస్టల్ తూటా, శక్తి ఐదు వందల దగ్గర.

అంటే నూరు తూటాలు మోయాలంటే .303 సిపాయికి రెండున్నర కిలోలు, ఎం1 కార్బైన్ వాడికి కిలోంబావు. కొండ ఎక్కేవాడికి ఆ కిలోంబావు తేడా ఎంతో మోసినవాడికే తెలుస్తుంది. మరోపక్క, రెండు వందల గజాల అవతల మట్టిబస్తాల చాటున ఉన్నవాణ్ణి కొట్టాలంటే .303 చేసే పని ఆ చిన్న తూటా చేయలేదు. తుపాకీ మీద మన అభిప్రాయాలన్నీ ఈ లెక్కలోంచే రావాలి.

దూరం మాటకొస్తే మనవాళ్ళకు ప్రకాశం బ్యారేజీ కంటే మంచి కొలబద్ద లేదు. పొడుగు 1,223 మీటర్లు, గేట్లు 70. థ్రీ నాట్ త్రీ వెనక సైటు (గురి చూసే పలక) మీద 2,000 గజాల వరకు అంకెలు చెక్కి ఉంటాయి. అంటే 1,830 మీటర్లు, బ్యారేజీకి ఒకటిన్నర రెట్లు. ఒకరోజు పొద్దున్నే విజయవాడ వైపు మొదట్లో నిలబడి సీతానగరం వైపు చూడండి. అవతలి చివర నడిచే మనిషి మీకు చీమంత కూడా ఆనడు. గురి పెట్టి కొట్టాలంటే మామూలు సిపాయికి మూడు వందల మీటర్లు, అంటే పదిహేడు గేట్ల దూరం. పోరాటాల్లో ఎక్కువభాగం మూడు నాలుగు వందల మీటర్ల లోపే జరిగాయని రెండు ప్రపంచ యుద్ధాల అనుభవం చెప్పింది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్ళకూ ఇది అర్థమైంది. 1962 చైనా యుద్ధం తర్వాత థ్రీ నాట్ త్రీని 7.62 నాటో తూటాకు మార్చి 2ఎ చేసినప్పుడు సైటు మీద 2,000 అంకె ఉంచారు. కొద్ది కాలానికే వచ్చిన 2ఎ1లో దాన్ని 800 మీటర్లకు దించారు. సైటు పలక మీద ఆ ఒక్క మార్పు చూస్తే అరవై ఏళ్ళ యుద్ధ పాఠం కనపడుతుంది నాకు.

బోల్ట్ లాగే కాలం: నా ఓటు థ్రీ నాట్ త్రీకే

బోల్టు అంటే ప్రతి తూటాకూ చేత్తో ఎత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసే ఇనుప గడియ. ఈ వాదన ఎక్కడ మొదలైనా జర్మన్ మౌజర్ గొప్పదనే మాట వస్తుంది. కార్ 98కె, 1935లో వాళ్ళ సైన్యం తీసుకున్నది. పేరులో కార్బైన్ అని ఉన్నా నిజానికి అది పూర్తి రైఫిలే. గొట్టం 600 మిల్లీమీటర్లు, తూటా పూర్తి శక్తి గల 7.92. పేరు చూసి మోసపోవద్దనడానికి ఇదే పెద్ద సాక్ష్యం. పనితనం మాత్రం కళ్ళకద్దుకోవాల్సిందే. బోల్టు ముందువైపు తాళం పడే దిట్టమైన లగ్గులు (పళ్ళు), తూటా అంచును మొదటినుంచీ పట్టుకుని వదలని పంజా లాంటి ఎక్స్‌ట్రాక్టరు. రెండు తూటాలు ఒకేసారి ఎక్కి ఇరుక్కోవడమన్న మాట తక్కువ. వేట రైఫిళ్ళు చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ పద్ధతినే అనుసరిస్తారు.

అయినా యుద్ధంలో సిపాయికి ఇచ్చేది ఒక్కటే ఎంచుకోమంటే నేను లీ-ఎన్‌ఫీల్డ్, అంటే మన థ్రీ నాట్ త్రీయే ఎంచుకుంటాను. దేశాభిమానంతో కాదు, అది మన దేశం తుపాకీ కూడా కాదు. కారణాలు చెబుతాను.

మౌజర్ బోల్టు తొంభై డిగ్రీలు ఎత్తాలి. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు అరవై డిగ్రీలు ఎత్తితే చాలు, వెనక్కి లాగాల్సిన దూరమూ తక్కువ. బోల్టు గుబ్బ సరిగ్గా ట్రిగ్గర్ పైన, చెయ్యి ఉండే చోటే ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు గుబ్బ మీంచి తీయకుండా నడిమివేలితో ట్రిగ్గర్ నొక్కే పాత ఉస్తాదులను చూశాను. బట్టు (తుపాకీ వెనక చెక్క భాగం) భుజం మీంచి కదలదు, కన్ను సైటు మీంచి లేవదు. మ్యాగజైన్లో పది తూటాలు. మౌజర్‌కు ఐదు, రష్యన్ మోసిన్‌కు ఐదు, జపాన్ అరిసాకాకు ఐదు. 1914కు ముందు బ్రిటిష్ సైన్యంలో 300 గజాల గురి మీద నిమిషానికి పదిహేను తూటాలు కాల్చే అభ్యాసం ఉండేదంటే, ఆ నిమిషంలో ఎదుటివాడు ఎన్నిసార్లు ఆగి తూటాలు నింపుకోవాలో లెక్కేసుకోండి.

దీనికి ఒక దోషం ఉంది, దాచను. .303 తూటా అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. ఐదు తూటాలను వరసగా పట్టి ఉంచే చార్జర్ క్లిప్పులో ఆ అంచులు సరైన వరసలో పడాలి. మూడు కిందికి, రెండు పైకి, ఒకటి విడిచి ఒకటి. తొందరలో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక పడిందా, బోల్టు ముందుకు కదలదు. చీకట్లో, వానలో, తడి వేళ్ళతో ఆ ఇరుకు తీయడం చాలా కష్టం. అంచులేని మౌజర్ తూటాకు ఈ బాధ లేదు. రష్యన్ మోసిన్‌కూ అంచు తూటానే గానీ, పై తూటాను కింది తూటాల నుంచి విడదీసే పలక లోపల ఉండటంతో దానికి ఈ జంజాటం తక్కువ.

నాకు మాత్రం థ్రీ నాట్ త్రీ అంటే మొదట గుర్తొచ్చేది దాని బట్టు ప్లేటు. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో మొదటిసారి పట్టుకున్నాను. డిసెంబరు పొద్దున్నే ఆ ఇత్తడి ప్లేటు చొక్కా మీంచి చల్లగా తగిలేది. ప్లేటులో చిన్న మూత ఉంటుంది, గోటితో ఎత్తాలి. లోపల బొరియలో నూనె సీసా, దాని పైన చుట్టచుట్టి, గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు. తుపాకీని కాపాడే సామానంతా తుపాకీ కడుపులోనే పెట్టారు. తర్వాత నేను చూసిన ఏ తుపాకీలోనూ ఆ ఏర్పాటు అంత ముచ్చటగా లేదు. కాల్చినప్పుడు మాత్రం ఆ ఇత్తడి కనికరం చూపదు. బట్టు భుజానికి గట్టిగా ఆనించకపోతే మెడ ఎముక కింద వారం రోజులు నల్లటి మచ్చ.

మోసిన్ 91/30 మొరటుది, దిట్టమైనది, 1,232 మిల్లీమీటర్ల పొడుగు. జపాన్ 38వ రకం ఇంకా పొడుగు, 1,280. దాని 6.5 తూటాకు తన్ను తక్కువ, అంత పొడుగు గొట్టంలో మందు లోపలే కాలిపోవడంతో మంట తక్కువ కనపడుతుంది. బర్మా అడవిలో అది లాభమే. కానీ తీగలూ పొదలూ ఉన్నచోట ఆ పొడుగుతో తిరగడం మాత్రం నరకం. ఆ అడవి నుంచే జంగిల్ కార్బైన్ ఆలోచన పుట్టింది.

గొట్టం కోస్తే కార్బైన్ అవుతుందా

నంబర్ ఫైవ్ చూడటానికి అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. పొడుగు ఒక మీటరు. బరువు 3.2 కిలోలు, అంటే పాత థ్రీ నాట్ త్రీ కన్నా ముప్పావు కిలో తక్కువ. గొట్టం చివర గంట లాంటి ఫ్లాష్ హైడరు, బట్టుకు రబ్బరు మెత్త. మా మనవడికి నచ్చిందంటే తప్పులేదు.

కానీ లోపల పడేది అదే .303 తూటా. అదే మందు, అదే బరువు. తూటా శక్తి తగ్గకుండా తుపాకీ బరువు తగ్గితే ఆ తన్ను ఎక్కడికి పోతుంది? భుజానికే. రబ్బరు మెత్త పెట్టారు గానీ అది బట్టు వెడల్పు మొత్తం ఉండదు, సన్నగా ఉంటుంది. దెబ్బ అంతా ఆ చిన్నచోట పడుతుంది. పొట్టి గొట్టంలో కాలడానికి సమయం చాలని మందు బయట మంటగా మారుతుంది, అందుకే ఆ గంట. జీరో నిలవడం లేదని, ఇవాళ సరిచేసిన గురి రేపటికి తప్పుతోందని సిపాయిల ఫిర్యాదులు వచ్చాయి. 1947కల్లా తయారీ ఆపేశారు. రష్యన్ల ఎం44 కార్బైన్ కథా ఇంతే. పెద్ద తూటా, పొట్టి గొట్టం, కళ్ళు జిగేల్మనే మంట, చెవులు గడియపడే మోత. దానికి పక్కకు మడిచే బయొనెట్ కూడా తగిలించారు, బరువు తగ్గించిన ప్రయోజనం కొంత అట్లా పోయింది.

నా తీర్పు సూటిగా చెబుతున్నాను. పెద్ద తూటా గొట్టం కోసి చేసిన కార్బైన్ ఎప్పుడూ రాజీ. రైఫిల్ గుణం పోతుంది, కార్బైన్ సుఖం రాదు. దట్టమైన అడవిలో నడకే ఎక్కువ, కాల్పులు తక్కువ అనుకుంటేనే అది ఎంచుకోండి.

సొంత తూటాతో పుట్టిన కార్బైన్

ఎం1 కార్బైన్ సంగతి వేరు. 1941 అక్టోబరులో అమెరికా సైన్యం తీసుకుంది. పేరులో ఎం1 అని ఉన్నందుకు గారండ్‌కు తమ్ముడనుకోకండి, ఒక్క తూటా కూడా ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పట్టదు. దీన్ని రైఫిల్‌కు పోటీగా చేయలేదు, పిస్టల్‌కు బదులుగా చేశారు. ఫిరంగి దగ్గరుండేవాడు, మోర్టారు మోసేవాడు, లారీ తోలేవాడు, వైర్‌లెస్ వాడు, అధికారి, వీళ్ళందరికీ రెండు చేతులా వేరే పని ఉంటుంది. నాలుగు కిలోల రైఫిల్ వాళ్ళకు అడ్డం, పిస్టల్‌తో యాభై గజాల్లో కూడా గురి కుదరదు. వాళ్ళకోసం ముందు చిన్న తూటా తయారుచేసి, దాని చుట్టూ తుపాకీ కట్టారు. బరువు 2.4 కిలోలు, పొడుగు 904 మిల్లీమీటర్లు, మ్యాగజైన్లో 15. అరవై లక్షల పైచిలుకు తయారయ్యాయి. మొదట్లో వచ్చినవాటి సైటు మీద ఉన్న అంకెలు రెండే: 150 గజాలు, 300 గజాలు. తన పని ఎంతవరకో తెలిసిన తుపాకీ అది.

క్వార్టర్ గార్డు దగ్గర ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి నూనె రాసేటప్పుడు తేడా చేతులకే తెలిసేది. కార్బైన్ ఒక చేత్తో ఎత్తి ర్యాకులో పెట్టొచ్చు. గారండ్‌కు రెండు చేతులూ కావాలి, 4.3 కిలోలు. కానీ గారండ్ తూటా శక్తి దాదాపు మూడు రెట్లు. 1936లో ఒక పెద్ద సైన్యం మొత్తానికి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇవ్వాలని తీసుకున్న నిర్ణయం చిన్నది కాదు. ఎదుటివాడు ఒక్కో తూటాకు బోల్టు లాగుతుంటే అమెరికన్ సిపాయి ట్రిగ్గర్ నొక్కుతూ పోయాడు. జనరల్ ప్యాటన్ దాన్ని అప్పటిదాకా తయారైన యుద్ధ సాధనాలన్నిట్లో గొప్పదని రాశాడంటే అతిశయోక్తి అనిపించదు.

గారండ్‌కు ఎనిమిది తూటాల క్లిప్పు మొత్తంగా లోపలికి నొక్కాలి. ఎనిమిదీ అయ్యాక ఖాళీ క్లిప్పు ఖంగుమని బయటికి ఎగురుతుంది. మధ్యలో మూడు కాల్చి మళ్ళీ మూడు నింపుకుందామంటే సులభం కాదు. ఇంకో గండం కూడా ఉంది. శుభ్రం చేసేటప్పుడు లోపలి పలకను బొటనవేలితో నొక్కితే బోల్టు ఒక్కసారిగా విడిపోయి ముందుకు దూకుతుంది. అరచేతి అంచుతో ఆపరేటింగ్ రాడ్ పిడిని ఆపి పట్టుకోవాలి. నాకు ఎవరూ చెప్పలేదు, మొదటిరోజే బొటనవేలు గోరు నల్లబడింది. తర్వాత నా కింద పనిచేసిన ప్రతి కుర్రవాడికీ అరచెయ్యి ఎక్కడ పెట్టాలో ముందు చూపించి, తర్వాతే నూనెగుడ్డ ఇచ్చాను.

ఎం1 కార్బైన్‌కు చెడ్డపేరు కొరియాలో వచ్చింది. 1950 చలికాలంలో చోసిన్ జలాశయం దగ్గర గడ్డకట్టే చలిలో కార్బైన్లు సరిగా ఆడలేదని, దూదికోట్లు వేసుకున్న చైనా సైనికుల మీద తూటా పనిచేయలేదని ఫిర్యాదులొచ్చాయి. చిన్న తూటాకు యంత్రాన్ని వెనక్కి తోసే బలం తక్కువ కాబట్టి గడ్డకట్టిన నూనె దానికి పెద్ద అడ్డం. నాకు ఇందులో తుపాకీ తప్పు సగమే కనపడుతుంది. లారీ తోలేవాడి కోసం చేసినదాన్ని ముందువరస సిపాయికి ఇస్తే, మూడు వందల గజాల అవతల పని చేయలేదని తిడితే ఎట్లా? ఫిరంగి దళానికీ, సిగ్నల్ వాళ్ళకూ ఆ రోజుల్లో అంతకంటే మంచిది లేదు. ముందువరసలో నిలబడేవాడికి మాత్రం గారండే.

మన సైన్యం, మన కార్బైన్

ఇక్కడ మన పాఠకులకు ఒక చిక్కు ఉంది. మన పోలీసులు, సైనికులు "కార్బైన్" అంటే ఎం1 కాదు, పొట్టి రైఫిల్ కూడా కాదు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం 1ఎ1. బ్రిటిష్ స్టెర్లింగ్ దాని మూలం. పక్కకు పొడుచుకొచ్చే 34 తూటాల వంపు మ్యాగజైను, చిల్లుల చుట్టుగొట్టం, 2.7 కిలోలు. అధికారుల గన్‌మన్ల భుజాన మన జిల్లాల్లో అందరూ చూసిందే. నిజానికి అది సబ్‌మెషిన్ గన్, అంటే పిస్టల్ తూటాలు ఆటోమేటిక్‌గా కాల్చేది. పేరు కార్బైన్, తూటా పిస్టల్‌ది. వంద మీటర్ల లోపల, ఇంట్లో, బండిలో, మలుపులో పని. పేపర్లో "కార్బైన్" అని చదివి ఎం1 బొమ్మ వేసుకునే చిత్రకారులు ఇది గమనించాలి.

1962 చైనా యుద్ధం గురించి రాయకుండా ఉండలేను. నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ, 13 కుమావూన్ వాళ్ళు, పదహారు వేల అడుగుల పైన థ్రీ నాట్ త్రీలతో నిలబడ్డారు. ఎదుటివాళ్ళ దగ్గర సెమీ ఆటోమేటిక్, ఆటోమేటిక్ ఆయుధాలు ఉన్నాయి. 120 మందిలో 114 మంది ప్రాణాలిచ్చారు. థ్రీ నాట్ త్రీ అంటే నాకెంత ఇష్టమైనా, ఆ రోజు ఆ చలిలో గడ్డకట్టిన వేళ్ళతో ఒక్కో తూటాకూ బోల్టు లాగాల్సి రావడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1914లో గొప్పదైనది 1962లో చాలదు. ఏ తుపాకీనైనా దాని సంవత్సరంతో కలిపి తూచమని నేను మొండిగా చెప్పేది అందుకే.

ఆ యుద్ధం తర్వాతే ఎస్ఎల్ఆర్ వచ్చింది. బెల్జియం వాళ్ళ ఫాల్ (ఎఫ్ఏఎల్) రైఫిల్ దాని మూలం, మనది ఇషాపూర్‌లో తయారైంది. 7.62 నాటో తూటా, ఇరవై తూటాల మ్యాగజైను, దాదాపు నాలుగున్నర కిలోలు. 1965లో ఇంకా అందరికీ అందలేదు, అప్పటికి పాకిస్తాన్ దగ్గర అమెరికా సాయంగా వచ్చిన గారండ్లు ఉన్నాయి. 1971 నాటికి మన పదాతికి ఎస్ఎల్ఆరే ఆధారం.

ఆర్మరర్‌గా ఎస్ఎల్ఆర్‌లో నాకు నచ్చింది గ్యాస్ రెగ్యులేటరు. ముందు గొట్టం మీద చిన్న చుట్టు. ఇసుకలో, మట్టిలో యంత్రం బరువెక్కితే రెండు మెట్లు తిప్పి గ్యాసు ఎక్కువ వెళ్ళేటట్టు చేయొచ్చు. శుభ్రంగా ఉన్నప్పుడు మళ్ళీ తగ్గిస్తే తన్ను తగ్గుతుంది. రాజస్థాన్ ఇసుకలో ఆ చుట్టు తిప్పడం తెలిసినవాడి తుపాకీ ఆగలేదు, తెలియనివాడు కోత్‌కు మోసుకొచ్చాడు. పంజాబు మైదానాల లాంటి బయలు నేల మీద, మూడు నాలుగు వందల మీటర్లలో, ఏకేకీ ఎస్ఎల్ఆర్‌కీ మధ్య ఎంచుకోమంటే నేను ఎస్ఎల్ఆరే తీసుకుంటాను. అడవిలో, గుడిసెల మధ్య, మలుపుల్లో అయితే ఏకే.

మధ్య తూటా వచ్చాక

జర్మన్లు 1943–44లో ఎస్‌టీజీ 44 అనే తుపాకీ తెచ్చారు. పాత 7.92 తూటానే కురచ చేసి, శక్తి దాదాపు సగానికి తగ్గించి, ముప్పై తూటాల మ్యాగజైనుతో, ఆటోమేటిక్‌గా కాల్చేలా చేశారు. రష్యన్లు 7.62×39తో ముందు ఎస్‌కేఎస్, తర్వాత ఏకే చేశారు. ఆ తూటా రైఫిల్‌ది కాదు, పిస్టల్‌దీ కాదు, నడిమిది. పదిహేడు గేట్ల దూరానికి సరిపోతుంది, భుజాన్ని చీల్చదు, నూరు తూటాలు కిలోన్నర పైచిలుకు. గొట్టం కోయడంతో నంబర్ ఫైవ్ సాధించలేనిదాన్ని తూటా మార్చడంతో వీళ్ళు సాధించారు. అక్కడితో రైఫిలా, కార్బైనా అన్న పాత తగువుకు పదును పోయింది. పొడుగులో ఏకే ఎం1 కార్బైన్ కంటే కూడా కాస్త పొట్టి, కానీ పనిలో సెక్షన్ (పదిమంది దాకా ఉండే పదాతి జట్టు) మోసే రైఫిల్.

ఇక నాటకం సంగతి

మా మనవడికి చివరికి ఇట్లా చెప్పాను. కోహిమా నాటకంలో అస్సాం రెజిమెంట్, బ్రిటిష్ వెస్ట్ కెంట్ రెజిమెంట్ సిపాయిల చేతుల్లో థ్రీ నాట్ త్రీ పెట్టండి. సెక్షన్ కమాండరుకు థామ్సన్ సబ్‌మెషిన్ గన్ ఇస్తే తప్పులేదు, బర్మాలో మన దళాలు వాడాయి. జపాన్ సిపాయికి అరిసాకా. స్టేజీ మీద రెండు సైన్యాల నీడలు వేరుగా కనపడటానికి ఆ పొడుగు తేడా చాలు. 1971 సన్నివేశం రాసుకుంటే ఎస్ఎల్ఆర్, అధికారి పక్కవాడికి 9 ఎంఎం కార్బైన్. వాళ్ళ స్నేహితుడు అల్లూరి సీతారామరాజు మీద షార్ట్ ఫిల్ము తీస్తానన్నాడట. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి దృశ్యంలో జంగిల్ కార్బైన్ కనపడితే ఇరవై రెండేళ్ళు తప్పు. ఎస్ఎల్ఆర్ కనపడితే నలభై ఏళ్ళు.

చెక్క పనికి కొత్తపేటలో తెలిసిన వడ్రంగి ఉన్నాడు, అతని దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటి నమూనా వేపచెక్కతో చేశాడు, చూడటానికి బాగుంది గానీ చేతిలోకి తీసుకుంటే రెండు కిలోలైనా లేదు. అంత తేలిక తుపాకీ పట్టుకున్న కుర్రవాడు దాన్ని కర్రలా ఊపుతాడు, సిపాయిలా మోయడు. అందుకని గొట్టం చోట స్లాబుకు వాడే 16 ఎంఎం ఇనుప ఊచ 640 మిల్లీమీటర్లు కోయించి పెట్టాం. దానికే కిలో బరువు వచ్చింది. బట్టులో బొరియ తీసి ఇంకో కిలో ఇనుము నింపి, పైన ఇత్తడి రేకు బిగించాం. తక్కెడ మీద పెడితే మూడు కిలోల తొమ్మిది వందలు. లోపలంతా గట్టి ఊచే కాబట్టి ఎవరు పరీక్షించినా అది తుపాకీ కాదని తెలుస్తుంది. అయినా బయటికి తీసుకెళ్ళేటప్పుడు గోనెసంచిలో చుట్టమన్నాను, రిహార్సల్ ఆరుబయట అయితే ముందు స్టేషన్లో చెప్పి రమ్మన్నాను.

మర్నాడు ఆరుగురు కుర్రాళ్ళు విజయవాడ నుంచి వచ్చి ఆ నమూనా ఒకరి తర్వాత ఒకరు భుజాన వేసుకుని మా వీధి చివరిదాకా నడిచి వచ్చారు. మూడోవాడు తిరిగొచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే స్లింగు బిగించుకుని బరువు నడుం మీదకు తెచ్చుకున్నాడు. నంబర్ ఫైవ్ బొమ్మ గురించి మళ్ళీ ఎవరూ అడగలేదు. మిగతా పదకొండూ ఇదే కొలతలతో చేయమని వడ్రంగికి బయానా ఇచ్చి వెళ్ళారు.